ఎత్తుపల్లాల రేఖాచిత్రం: తయారీ విధానం, పరిశీలించవలసిన అంశాలు

కాలువ, రహదారి, ఎత్తిపోతల పథకం లేదా వరద ముంపునకు సంబంధించిన నివేదికలలో తరచుగా ఒక రేఖాచిత్రం దర్శనమిస్తుంది. అడుగున కిలోమీటర్లు, ఎడమవైపున మీటర్లు, నడుమ ఎగుడుదిగుడుగా సాగే ఒక గీత. ఒక చోటు నుంచి మరొక చోటు వరకు నేల ఏ విధంగా ఎక్కుతూ దిగుతూ పోతున్నదో తెలిపే ఈ గీతను భూతల పార్శ్వచిత్రం అంటారు. ఇంజినీర్లు దీనినే లాంగిట్యూడినల్ సెక్షన్‌గా, సంక్షిప్తంగా ఎల్.ఎస్. గా వ్యవహరిస్తారు.

పూర్వం ఈ గీతను గీయడానికి సర్వే సిబ్బంది లెవెలింగు పరికరం, స్టాఫ్, గొలుసు పట్టుకొని నెలల తరబడి పొలాల వెంట నడవవలసి వచ్చేది. నేడు అదే గీత ఉపగ్రహాలు, అంతరిక్ష నౌకలు సేకరించిన దత్తాంశం నుంచి కంప్యూటరుపై కొద్ది నిమిషాలలో సిద్ధమవుతున్నది. ముద్రణలో ఈ రెండు గీతల మధ్య భేదం కనిపించదు. ఒకటి సెంటీమీటర్ల కచ్చితత్వంతో కొలిచినది, మరొకటి మీటర్ల తేడాకు అవకాశమున్నది అనే విషయం గీతను చూసి గ్రహించడం సాధ్యం కాదు. ముంపు పరిధి, నిర్వాసితుల జాబితా వంటి అంశాలు ఇటువంటి గీతలపై ఆధారపడినప్పుడు ఈ భేదానికి ప్రాధాన్యం ఏర్పడుతుంది.

గడులలో నిక్షిప్తమైన ఎత్తులు

రాస్టర్ పటం అంటే గళ్ల కాగితం వంటిది. అడ్డు వరుసలు, నిలువు వరుసలుగా విభజించిన ప్రతి గడిలోనూ ఒక అంకె ఉంటుంది. ఆ అంకె ఎత్తును తెలియజేస్తే అది డిజిటల్ ఎలివేషన్ మోడల్, అంటే డెమ్ అవుతుంది. భారత సర్వేక్షణ సంస్థ ముద్రించిన టోపోషీటును స్కాన్ చేసినా లభించేది రాస్టర్ పటమే. అయితే దాని గడులలో ఉండేది ఎత్తు కాదు, రంగు మాత్రమే. గోధుమ రంగులో ఉన్న సమోన్నత రేఖ వంద మీటర్లదా, నూట ఇరవై మీటర్లదా అన్నది కంప్యూటరుకు తెలియదు. ఆ రేఖలను ఒక్కొక్కటిగా గుర్తించి, విలువలు చేర్చి, మధ్య ప్రదేశాన్ని లెక్కకట్టిన తరువాతనే ఆ పటం నుంచి పార్శ్వచిత్రం తీయడం వీలవుతుంది. 1:50,000 ప్రమాణం గల టోపోషీట్లలో రేఖల మధ్య అంతరం సాధారణంగా 20 మీటర్లు కావడంతో, రెండు రేఖల నడుమ ఉన్న చిన్న మిట్టలు, పల్లాలు పటంలోనే ఉండవని గమనించవలసి ఉన్నది.

ప్రపంచవ్యాప్తంగా అత్యధికంగా వాడుకలో ఉన్న ఎత్తుల దత్తాంశం 2000 ఫిబ్రవరిలో సేకరించినది. అమెరికా అంతరిక్ష నౌక ఎండీవర్ పదకొండు రోజుల యాత్రలో రాడార్ సహాయంతో ఉత్తర అక్షాంశం 60 డిగ్రీల నుంచి దక్షిణ అక్షాంశం 56 డిగ్రీల వరకు గల భూభాగాన్ని కొలిచింది. షటిల్ రాడార్ టోపోగ్రఫీ మిషన్, సంక్షిప్తంగా ఎస్.ఆర్.టి.ఎం. అని పిలిచే ఈ దత్తాంశం తొలుత మన ప్రాంతానికి మూడు ఆర్క్ సెకన్ల గడులలో, అంటే సుమారు 90 మీటర్లకు ఒక ఎత్తు చొప్పున లభించింది. 2014 నుంచి ఒక ఆర్క్ సెకను, అంటే సుమారు 30 మీటర్ల దత్తాంశాన్ని దశలవారీగా ఇతర దేశాలకూ అందుబాటులోకి తెచ్చారు.

2005 మే 5న శ్రీహరికోట నుంచి ప్రయోగించిన కార్టోశాట్-1 ఉపగ్రహం వేరొక మార్గాన్ని అనుసరించింది. ముందుకు 26 డిగ్రీలు, వెనుకకు 5 డిగ్రీలు వంచి అమర్చిన రెండు కెమెరాలు ఒకే ప్రదేశాన్ని రెండు కోణాల నుంచి చిత్రించాయి. మనిషి రెండు కళ్లతో దూరాన్ని అంచనా వేసే రీతిలోనే ఈ జంట చిత్రాల నుంచి ఎత్తులను లెక్కకట్టారు. హైదరాబాదులోని జాతీయ దూర సంవేదన కేంద్రం ఈ విధంగా రూపొందించిన కార్టోడెమ్ భువన్ పోర్టల్ ద్వారా లభిస్తున్నది.

అంకెల నుంచి గీత వరకు

ఎస్.ఆర్.టి.ఎం. దత్తాంశం ఒక డిగ్రీ పొడవు, ఒక డిగ్రీ వెడల్పు గల పలకలుగా ఉంటుంది. నైరుతి మూల అక్షాంశ రేఖాంశాలే ఆ పలకకు పేరు. కొల్లేరు సరస్సు ఎన్16ఇ081 అనే పలకలో ఉన్నది. మూడు సెకన్ల పలకలో 1,201 అడ్డు వరుసలు, 1,201 నిలువు వరుసలు ఉంటాయి. పక్క పలకతో అంచు కలిసేందుకు ఒక వరుస అదనంగా చేర్చారు. మొదటి వరుస ఉత్తరపు అంచు నుంచి మొదలవుతుంది. ఉదాహరణకు 16.65 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 81.20 డిగ్రీల తూర్పు రేఖాంశం వద్ద ఎత్తు కావాలంటే, 17 నుంచి 16.65 తీసివేయగా వచ్చిన 0.35ను 1,200తో హెచ్చించాలి. ఉత్తరం నుంచి 420 వరుసలు దిగాలి. అదే విధంగా 0.20ను 1,200తో హెచ్చిస్తే పడమటి అంచు నుంచి 240 గడులు జరగాలి. ఆ గడిలోని అంకెయే మీటర్లలో ఆ చోటి ఎత్తు.

పార్శ్వచిత్రం తీయడమంటే ఈ పనిని ఒక గీత పొడవునా మళ్లీ మళ్లీ చేయడమే. 40 కిలోమీటర్ల గీతను 90 మీటర్లకొక బిందువుగా విభజిస్తే సుమారు 445 ఎత్తులు వస్తాయి. గడి పరిమాణం కంటే మరీ దగ్గరగా, ఉదాహరణకు ఐదేసి మీటర్లకు ఒక బిందువు తీసుకున్నా కొత్త సమాచారమేదీ చేరదు. పాత అంకెలే నునుపుగా కనిపిస్తాయి. నివేదికలలో ‘ప్రతి ఐదు మీటర్లకు తీసిన ఎత్తులు’ అన్న మాట కనిపించినప్పుడు మూల దత్తాంశపు గడి ఎంత అని అడగడం సమంజసం.

గీతపై ఉన్న బిందువు సాధారణంగా గడి మధ్యలో పడదు. అటువంటప్పుడు అతి సమీపంలోని గడి విలువను యథాతథంగా తీసుకోవచ్చు లేదా చుట్టూ ఉన్న నాలుగు గడుల విలువలను దూరాన్ని బట్టి కలిపి లెక్కకట్టవచ్చు. నాలుగు గడులలో 40, 44, 48, 52 మీటర్లు ఉండి బిందువు సరిగ్గా నడుమ ఉంటే రెండవ పద్ధతిలో 46 మీటర్లు వస్తుంది. మొదటి పద్ధతిలో గీత మెట్లు మెట్లుగా, రెండవ పద్ధతిలో సాఫీగా ఉంటుంది. సాఫీగా ఉన్న గీతను చూసి అది మరింత కచ్చితమైనదని భావించనవసరం లేదు.

దూరాల లెక్కలోనూ ఒక మెలిక ఉన్నది. 16.5 డిగ్రీల అక్షాంశం వద్ద ఉత్తర దక్షిణాలుగా ఒక డిగ్రీ సుమారు 110.7 కిలోమీటర్లు కాగా, తూర్పు పడమరలుగా అది సుమారు 106.8 కిలోమీటర్లు మాత్రమే. రెండింటినీ సమానంగా లెక్కిస్తే తూర్పు పడమర గీత దాదాపు నాలుగు శాతం పొడవుగా వస్తుంది. ఉత్తర భారతానికి పోయిన కొద్దీ ఈ తేడా పెరుగుతుంది.

రాడార్ కిరణాలు చేరని ఏటవాలు లోయలలోను, నీటిపైన కొన్నిచోట్ల ఎత్తు నమోదు కాలేదు. అటువంటి గడులలో -32768 అనే అంకెను గుర్తుగా ఉంచారు. తయారీదారు దీనిని తొలగించడం మరచిపోతే గీత హఠాత్తుగా 32 కిలోమీటర్ల లోతునకు పడిపోతుంది. ఇది వెంటనే పట్టుబడే పొరపాటు కనుక పెద్ద ప్రమాదం లేదు. ఆ ఖాళీలను చుట్టుపక్కల విలువలతో పూడ్చి, ఆ సంగతి చెప్పకపోవడమే గుర్తించలేని పొరపాటు.

ఈ పనులన్నింటినీ ఉచితంగా లభించే సాఫ్ట్‌వేర్లు నిర్వహిస్తున్నాయి. గ్రాస్‌లో ఇందుకు ప్రత్యేక ఆదేశం చాలాకాలంగా ఉన్నది. అది ఇచ్చిన దూరం, ఎత్తు జాబితాను గ్నూప్లాట్ వంటి సాధనంతో గీతగా మార్చడం పరిపాటి. క్యూజీఐఎస్‌లో 2022 నుంచి ఎత్తుల పార్శ్వచిత్రం సౌకర్యం అంతర్భాగమైంది.

గీత కళ్లకు కనిపించే తీరు

అడ్డుకొలత కిలోమీటర్లలోను, నిలువుకొలత మీటర్లలోను ఉండటం వల్ల పార్శ్వచిత్రంలో వాలు ఎప్పుడూ అతిశయించి కనిపిస్తుంది. 40 కిలోమీటర్లను 20 సెంటీమీటర్లలో, 20 మీటర్ల ఎత్తును 10 సెంటీమీటర్లలో చూపితే నిలువు అతిశయం వెయ్యి రెట్లు. వాస్తవంలో కిలోమీటరుకు అర మీటరు చొప్పున వాలే నేల కాగితంపై 27 డిగ్రీల ఏటవాలుగా అగుపిస్తుంది. సైకిలుపై పోయే మనిషికి తెలియని వాలు పత్రికలో కొండచరియగా మారుతుంది. అతిశయం లేకుండా గీస్తే డెల్టా భూమి వట్టి సరళరేఖగా ఉండిపోతుంది కనుక అతిశయం తప్పు కాదు. అది ఎన్ని రెట్లో చిత్రం కింద రాయకపోవడమే లోపం.

వైర్‌లెస్ టవర్ల విషయంలో మరొక సవరణ అవసరం. 30 కిలోమీటర్ల దూరంలో ఉన్న రెండు టవర్ల మధ్య భూమి గుండ్రదనం కారణంగా నడుమన దాదాపు 18 మీటర్ల ఉబ్బు ఏర్పడుతుంది. గాలిలో తరంగాలు వంగడాన్ని లెక్కలోకి తీసుకున్నా 13 మీటర్లు మిగులుతుంది. బల్లపరుపు అడుగు గీతపై వేసిన పార్శ్వచిత్రంలో ఒక టవరు నుంచి మరొకటి నిరాటంకంగా కనిపించినంత మాత్రాన సంకేతం అందుతుందని చెప్పలేము.

ఏ తలం ఎత్తు?

ఎస్.ఆర్.టి.ఎం., కార్టోడెమ్ రెండూ ప్రధానంగా పైతలాన్ని కొలిచినవి. దట్టమైన అడవి ఉన్నచోట రాడార్ కిరణం నేల వరకు పోకుండా ఆకుల నడుమనుంచే తిరిగి వస్తుంది. పాపికొండల వాలులోను, కోనసీమ కొబ్బరి తోటలలోను గడిలోని అంకె నేల ఎత్తు కాదు, నేలకు చెట్ల ఎత్తులో కొంత భాగం కలిపినది. నగరాలలో భవనాల విషయమూ ఇంతే.

వంతెనలు, సొరంగాల వద్ద చిత్రం మరింత వింతగా ఉంటుంది. తూర్పు కనుమల మీదుగా అరకు వైపు సాగే కొత్తవలస - కిరండూల్ రైలు మార్గంలో పదుల సంఖ్యలో సొరంగాలు ఉన్నాయి. ఆ మార్గం వెంబడి డెమ్ నుంచి పార్శ్వచిత్రం తీస్తే సొరంగమున్న ప్రతిచోటా పట్టాలు కొండ నెత్తిమీదకు ఎక్కి దిగినట్లు చూపుతుంది. అది రైలు మార్గపు వాలు కాదు, దానిపైనున్న కొండ వాలు.

జలాశయాల విషయంలో దత్తాంశపు తేదీ కీలకం. 590 అడుగుల పూర్తి నీటిమట్టం గల నాగార్జునసాగర్, 885 అడుగుల శ్రీశైలం జలాశయాలు 2000 ఫిబ్రవరి నాటికే నీటితో ఉన్నందున ఎస్.ఆర్.టి.ఎం.లో అవి చదునైన పలకలుగా కనిపిస్తాయి. వాటి అడుగు లోతునుగాని, పేరుకొన్న పూడికనుగాని ఈ దత్తాంశం నుంచి తెలుసుకోవడం అసాధ్యం. అందుకు పడవలపై నుంచి జలగర్భ సర్వే చేయవలసిందే. 2000 తరువాత నిర్మించిన జలాశయాల విషయంలో ఇదే అంశం అనుకూలంగా మారింది. నేడు నీటి అడుగున ఉన్న లోయల రూపం ఆ దత్తాంశంలో భద్రంగా ఉన్నది.

సున్నా ఎక్కడ?

ఎత్తు అనగానే ఎక్కడి నుంచి అనే ప్రశ్న వస్తుంది. భారత సర్వేక్షణ సంస్థ బెంచ్ మార్కులకు ఆధారమైన సగటు సముద్ర మట్టాన్ని విశాఖపట్నం, మద్రాసు, నాగపట్నం సహా తొమ్మిది రేవుల అలల నమోదుల ఆధారంగా 1909లో స్థిరపరచారు. ఎస్.ఆర్.టి.ఎం. ఎత్తులు ఈజీఎం-96 అనే ప్రపంచ జియాయిడ్ నమూనాను అనుసరిస్తాయి. ఇది కూడా సముద్ర మట్టానికి సమీపమైనదే అయినా 1909 నాటి మట్టంతో అచ్చంగా ఏకీభవించదు. కార్టోడెమ్ ఎత్తులు డబ్ల్యూజీఎస్-84 దీర్ఘవృత్తజం, అంటే గణితంతో ఊహించిన భూగోళ రూపం నుంచి లెక్కించినవి.

ఈ భేదం చిన్నది కాదు. భూమి ఆకర్షణ శక్తి హిందూ మహాసముద్ర ప్రాంతంలో బలహీనంగా ఉన్నందున ఇక్కడ సముద్ర మట్టం ఆ గణిత రూపం కంటే బాగా దిగువన ఉంటుంది. శ్రీలంకకు దక్షిణాన ఈ అంతరం 100 మీటర్లకు పైబడగా, దక్షిణ భారతదేశంలో అనేక చోట్ల 70 మీటర్లను మించుతుంది. అందువల్లనే సవరణ చేయని కార్టోడెమ్‌లో మన తీరప్రాంత గ్రామాలు మైనస్ అంకెలతో కనిపిస్తాయి. పార్శ్వచిత్రంలో ఒక సగం ఒక దత్తాంశం నుంచి, మరొక సగం వేరొక దత్తాంశం నుంచి తీసుకొని అతికిస్తే అతుకు వద్ద లేని కొండ లేస్తుంది. అంత పెద్ద తేడా కంటికి కనిపిస్తుంది. రెండు సముద్ర మట్టాల మధ్య ఉండే కొద్దిపాటి తేడా మాత్రం ఎవరికీ కనిపించకుండా డెల్టాలో ఫలితాన్ని మార్చివేస్తుంది.

డెల్టాలో అంకెల పరిమితి

కొల్లేరు అభయారణ్యాన్ని 1999లో ప్రకటించినప్పుడు +5 కాంటూరును హద్దుగా తీసుకున్నారు. సముద్ర మట్టానికి ఐదు అడుగులు, అంటే 1.52 మీటర్లు. సుమారు 308 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణానికి ఈ గీతే హద్దు. 2006లో ఈ కాంటూరు లోపలి చేపల చెరువుల గట్లను తొలగించే కార్యక్రమం చేపట్టారు. ఎవరి భూమి గీతకు లోపల, ఎవరిది వెలుపల అన్న ప్రశ్న అక్కడి కుటుంబాలకు జీవనోపాధి సమస్య.

ఎస్.ఆర్.టి.ఎం. మూల పలకలలో ఎత్తులు పూర్ణాంక మీటర్లలోనే ఉంటాయి. గడిలో ఒకటి ఉండవచ్చు, రెండు ఉండవచ్చు, 1.52 మాత్రం ఉండదు. ఆ అంకెల కచ్చితత్వమూ పరిమితమే. పథకం రూపొందించినప్పుడు 90 శాతం కొలతలలో దోషం 16 మీటర్లకు మించరాదని నిర్దేశించుకోగా, 2006లో వెలువడిన మదింపులో యురేషియా ఖండానికి అది 6.2 మీటర్లుగా తేలింది. నిర్దేశిత లక్ష్యం కంటే ఇది ఎంతో మెరుగైన ఫలితం. అరకు కొండల పార్శ్వచిత్రానికి ఆరు మీటర్ల తేడా లెక్కలోనికి రాదు. కొల్లేరులో మాత్రం అది హద్దు ఎత్తుకు నాలుగు రెట్లు. ఈ దత్తాంశం నుంచి +5 కాంటూరు గీసి చూపే పటం ఎంత అందంగా ఉన్నా హద్దు నిర్ణయానికి పనికిరాదు.

పోలవరం జలాశయంలో నిర్వాసితుల పునరావాసాన్ని మొదటి దశకు +41.15 మీటర్లు, పూర్తి స్థాయికి +45.72 మీటర్ల కాంటూరు ప్రాతిపదికన విభజించారు. రెండింటి నడుమ అంతరం 4.57 మీటర్లు. ఇది కూడా పైన పేర్కొన్న దోష పరిమితి లోపలిదే. పైగా గోదావరి ఇరువైపులా అడవులున్న ప్రాంతం కావడంతో చెట్ల ఎత్తు తోడవుతుంది. ఒక గ్రామం ఏ దశలో చేరుతుందన్నది నేలపై లెవెలింగు సర్వేతోనే తేల్చవలసి ఉంటుంది.

గట్ల సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. డెల్టాలో నీటిని ఆపేది, మళ్లించేది నేల వాలు కంటే ఎక్కువగా కాలువ గట్లు, రోడ్డు కట్టలు, రైలు కట్టలు. నాలుగైదు మీటర్ల వెడల్పు గల గట్టు 90 మీటర్ల గడిలో సగటున కలిసిపోతుంది. పార్శ్వచిత్రంలో దాని జాడ ఉండదు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరుకు గండ్లు పడి విజయవాడలోని సింగ్‌నగర్ పరిసరాలు మునిగినప్పుడు నీరు పోయిన దారిని నిర్ణయించినవి ఆ గండ్లే. గట్టునే చూడలేని దత్తాంశం గండి ప్రభావాన్ని చూపలేదు.

తీరప్రాంతంలో దోషపు దిశ మరింత ఆందోళన కలిగిస్తుంది. చెట్లు, ఇళ్ల ఎత్తు కలిసినందున దత్తాంశం నేలను ఉన్నదానికంటే మిట్టగా చూపుతుంది. ఉప్పెన వచ్చినప్పుడు మునిగే ఊరు పార్శ్వచిత్రంలో సురక్షితంగా కనిపిస్తుంది. 2019లో నేచర్ కమ్యూనికేషన్స్ పత్రికలో వెలువడిన పరిశోధన ఈ దోషాన్ని సవరించి చూడగా, సముద్ర మట్టం పెరుగుదల వల్ల ప్రమాదానికి లోనయ్యే జనాభా అంచనాలు ఎస్.ఆర్.టి.ఎం. ఆధారిత సంఖ్యలకు మూడు రెట్లు అయ్యాయి. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన వంటిది మళ్లీ వస్తే నీరు ఎంత లోపలికి చొచ్చుకొని వస్తుందని తీరానికి అడ్డంగా గీసే పార్శ్వచిత్రం ఈ కారణంగా ఊరటనిచ్చే వైపునకే తప్పుతుంది.

ఈ లోపాలను తగ్గించే దత్తాంశాలు కొన్ని అందుబాటులోకి వచ్చాయి. జర్మనీ జంట ఉపగ్రహాలైన టాన్‌డెమ్-ఎక్స్ కొలతల నుంచి రూపొందిన కోపర్నికస్ 30 మీటర్ల దత్తాంశం, దాని నుంచి చెట్లు, భవనాల ఎత్తును గణన ద్వారా తొలగించి 2022లో వెలువరించిన ఫాబ్‌డెమ్ వీటిలో ముఖ్యమైనవి. ఇవి ఎస్.ఆర్.టి.ఎం. కంటే మేలైనవే గాని 1.52 మీటర్ల హద్దును తేల్చేంతటివి కావు. విమానం లేదా డ్రోన్ నుంచి లేజర్ కిరణాలతో కొలిచే లైడార్ సర్వే, దానిని సరిచూసే నేలపై లెవెలింగు మాత్రమే ఆ స్థాయికి చేరుతాయి. 2022 డిసెంబరులో నోటిఫై అయిన జాతీయ జియోస్పేషియల్ విధానం మైదాన ప్రాంతాలకు 25 సెంటీమీటర్లు, కొండ ప్రాంతాలకు ఒకటి నుంచి మూడు మీటర్ల కచ్చితత్వం గల ఎత్తుల నమూనాను 2030 నాటికి దేశమంతటికీ సిద్ధం చేయాలని లక్ష్యంగా పెట్టుకున్నది.

పార్శ్వచిత్రాన్ని నివేదికలోగాని, పత్రికలోగాని ప్రచురించేటప్పుడు దాని కింద దత్తాంశం పేరు, అది సేకరించిన సంవత్సరం, గడి పరిమాణం, ఎత్తుకు ఆధారమైన మట్టం, పూడ్చిన ఖాళీలు, నిలువు అతిశయం, గీత మొదలు చివర బిందువుల అక్షాంశ రేఖాంశాలు పేర్కొనాలి. ఇందుకు రెండు పంక్తుల స్థలం చాలును. ఈ వివరాలుంటే అదే దత్తాంశంతో మరొకరు అదే గీతను గీసి సరిచూసుకొనగలుగుతారు.